అప్పగింతలు 3960

మా నాన్నగారి దగ్గర పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, మూలలు అరిగిపోయాయి. 1989 నుంచి 1996 దాకా ఆయన వీడియో తీసిన పెళ్ళిళ్ళలో ప్రతి దానికీ అందులో ఒక పేజీ ఉంది. పైన పెళ్ళివారి ఇంటిపేరు, ఊరు, తేదీ. కింద నిలువు వరుసలో కొన్ని మాటలు, వాటికి ఎదురుగా అంకెలు. ఎదుర్కోలు 300. జీలకర్ర బెల్లం 1425. మంగళసూత్రం 2110. తలంబ్రాలు 2390. అప్పగింతలు 3960.

చిన్నప్పుడు అవి డబ్బుల లెక్కలనుకునేదాన్ని. కాదు, వీడియో క్యాసెట్టును ఆడించే వీసీఆర్ ముఖం మీద తిరిగే కౌంటరు అంకెలు. మిక్సింగ్ పూర్తయ్యాక నాన్నగారు క్యాసెట్టును మొదటికి తిప్పి, కౌంటరును సున్నా చేసి, చివరిదాకా ఒకసారి చూసి, ఏ ఘట్టం ఎక్కడ వస్తుందో రాసుకునేవారు. తరువాత ఎవరైనా వచ్చి తలంబ్రాల ముక్క ఒక్కటే కాపీ చేసి ఇమ్మంటే వెతుక్కోకుండా అక్కడికి వెళ్ళడానికి. ఆ పుస్తకంలో 212 పేజీలు నిండి ఉన్నాయి.

తెనాలిలో మా స్టూడియోను పదకొండేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. కొత్త పెళ్ళిళ్ళ పని ఇప్పుడు తక్కువ. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనే ఎక్కువ. ఆ పనికోసం నా కంప్యూటర్‌లో ఒక చిన్న సర్వరు రాసుకున్నాను. ఏఐతో మాట్లాడుతూ వీడియోలు, బొమ్మలు సరిచేయించడానికి. మన వృత్తిలో ఉన్న ఇద్దరు ముగ్గురు అది ఎలా పనిచేస్తుందని అడిగారు. వాళ్ళకు ఫోనులో చెప్పినదానికంటే వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఒక్క క్యాసెట్టు కథగా చెబితే అన్నీ అందులోనే వస్తాయి.

సర్వరు అంటే ఎక్కడో పెద్ద గదిలో ఉండే యంత్రం అనుకోవద్దు. ఇది నా బల్ల కిందున్న కంప్యూటర్‌లోనే నడిచే ప్రోగ్రాం. మామూలుగా ఏఐతో ఎంత మాట్లాడినా అది నా డిస్కులోని ఫైలును ముట్టుకోలేదు. 2024 నవంబరులో ఏఐలను తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని అందరూ వాడుకునేలా విడుదల చేసింది. పొట్టిగా ఎం.సి.పి. అంటారు. దాని ప్రకారం నా ప్రోగ్రాం ఏఐకి ఒక జాబితా ఇస్తుంది: నా దగ్గర ఈ పనిముట్లున్నాయి, ఒక్కొక్కదాని పేరు ఇది, అది చేసే పని ఇది, దానికి చెప్పవలసిన వివరాలు ఇవి. నేను తెలుగులో పని చెబుతాను. ఏఐ ఆ జాబితాలోంచి తగిన పనిముట్టును ఎంచుకుని, వివరాలు నింపి నా ప్రోగ్రాంకు పంపుతుంది. కత్తిరించేది, అతికించేది మాత్రం నా కంప్యూటర్‌లో ఉన్న ఎఫ్ఎఫ్ఎంపెగ్. 2000లో ఫాబ్రిస్ బెలార్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. వీడియోతో చేయగలిగిన పని దాదాపు ఏదైనా చేస్తుంది, కానీ ప్రతి పనికీ పొడవాటి ఆదేశం టైపు చేయాలి. ఆ ఆదేశాలు నాకు కంఠతా రావు. ఏఐకి వచ్చు. అందుకే ఈ ఏర్పాటు.

కిందటి వేసవిలో పొన్నూరు దగ్గరి పల్లెనుంచి ఒక అన్నయ్యగారు వచ్చారు. చేతిసంచీలో ఒక్క క్యాసెట్టు, 1993లో జరిగిన వాళ్ళ అక్కగారి పెళ్ళిది. తీసింది మా నాన్నగారే.

"చెల్లెమ్మా, అప్పగింతలప్పుడు మా అమ్మ పాట పాడింది. ఆ పాట ఒక్కటి కావాలి. శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి. అప్పగింతల వేళకు మండపంలో ఎల్ఈడీ తెరమీద వేయాలని ఉంది," అన్నారు. వాళ్ళ అమ్మగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

క్యాసెట్టు మూత తెరిచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. మన కోస్తా గాలికి ఇది మామూలే. బూజున్న టేపును నేరుగా వీసీఆర్‌లో పెడితే అది టేపును చదివే హెడ్డుకు అంటుకుంటుంది, తరువాత పెట్టిన ప్రతి క్యాసెట్టునూ పాడుచేస్తుంది. వీసీఆర్ పోతే మళ్ళీ కొత్తది దొరకదు, జపాన్‌లో ఫునాయ్ సంస్థ 2016లో తయారీ ఆపేశాక లోకంలో ఇంకెవరూ చేయడం లేదు. అందుకని శుభ్రం చేయడానికే రెండు రోజులు పట్టింది. ఆ తరువాత మూడు గంటల టేపు కంప్యూటర్‌లోకి ఎక్కడానికి మూడు గంటలు. ఈ పనిలో ఏఐ చేయగలిగింది ఏమీ లేదు. చేతులతో, ఓపికతో చేయవలసిందే.

నేను ఎఫ్ఎఫ్‌వి1 అనే పద్ధతిలో దాచుకుంటాను. చిత్రంలో ఒక్క చుక్క కూడా పోకుండా కుదించే పద్ధతి. కుదించకపోతే గంటకు 75 గిగాబైట్ల దాకా అయ్యే వీడియో దాదాపు సగానికి దిగుతుంది. పెద్దదే. కానీ ఒకసారి ఎక్కించాక మళ్ళీ ఆ టేపును తిప్పే అవసరం రాకూడదు, కొన్ని టేపులు రెండోసారి తిరగవు.

ఇప్పుడు మూడు గంటల ఫైలులో పాట ఎక్కడుందో కనుక్కోవాలి. నాన్నగారి పుస్తకం తీశాను. అప్పగింతలు 3960.

అంకె ఉంది కానీ అది నిమిషం కాదు. వీసీఆర్ కౌంటరు గడియారం లాంటిది కాదు. టేపు చుట్టుకునే చక్రం ఎన్ని చుట్లు తిరిగితే దానికి తగ్గట్టు ఆ అంకె పెరుగుతుంది. మొదట్లో చక్రం సన్నగా ఉంటుంది, ఒక చుట్టుకు పట్టే టేపు కొంచెమే. పోనుపోను టేపు చుట్టుకుని లావెక్కుతుంది, ఒక్కో చుట్టుకు ఎక్కువ టేపు పడుతుంది. టేపు మాత్రం మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ పద్ధతిలో సెకనుకు 23.39 మిల్లీమీటర్ల చొప్పున ఒకే వేగంతో నడుస్తుంది. కాబట్టి కౌంటరులో మొదటి వంద అంకెలకు పట్టే సమయం వేరు, చివరి వందకు పట్టే సమయం వేరు. పైగా నాన్నగారు ఆ అంకెలు రాసుకున్న వీసీఆర్ ఎప్పుడో పోయింది.

ఇదంతా ఏఐకి మామూలు తెలుగులో వివరించాను. అది చెప్పిన మాట నన్ను ఆపి ఆలోచింపజేసింది. చుట్ల సంఖ్యకు, గడిచిన సమయానికి మధ్య సంబంధం వర్గ సమీకరణం అవుతుంది, అందులో తెలియనివి రెండే, సున్నా కాక మరి రెండు చోట్ల అంకె, సమయం రెండూ తెలిస్తే మిగతావన్నీ లెక్కకట్టవచ్చు అంది. పదో తరగతి లెక్కే. ఇన్నేళ్ళు ఆ పుస్తకం నా అలమరాలో ఉన్నా నాకు తట్టలేదు.

ఫైలులో జీలకర్ర బెల్లం ఘట్టాన్ని కళ్ళతో చూసి వెతికాను. 30 నిమిషాల 44 సెకన్ల దగ్గర ఉంది. పుస్తకంలో 1425. తలంబ్రాలు 59 నిమిషాల 36 సెకన్ల దగ్గర. పుస్తకంలో 2390. ఈ రెండిటితో లెక్క కట్టించి, మంగళసూత్రం ఎక్కడుండాలో అడిగితే 50 నిమిషాల 33 సెకన్లు అని వచ్చింది. వెళ్ళి చూస్తే 50 నిమిషాల 37. నాలుగు సెకన్ల తేడా! 1425కు రెట్టింపు 2850 దగ్గర గంట కావాలి కదా అనుకుంటాం, లెక్క ప్రకారం గంటా పదిహేను నిమిషాలు దాటింది. అంకె రెట్టింపైతే సమయం దాదాపు రెండున్నర రెట్లు.

ఒక జాగ్రత్త తీసుకున్నాను. ఈ లెక్కను ఏఐ చేత మాటల్లో చేయించలేదు. అది సూత్రం బాగా చెబుతుంది, కూడికల్లో ఒక్కోసారి పొరపాటు పడుతుంది, పొరపాటు పడినప్పుడు కూడా అదే ధీమాతో చెబుతుంది. అందుకని సూత్రాన్ని సర్వరులోనే ఒక పనిముట్టుగా రాసిపెట్టాను. పేరు 'కౌంటరు నుంచి సమయం'. ఏఐ చేయవలసింది అంకెను అందించడమే, లెక్క ప్రోగ్రాం కడుతుంది. ఆ వీసీఆర్‌తోనే నాన్నగారు పుస్తకమంతా రాశారు, అన్నీ ఒకే రకం మూడు గంటల క్యాసెట్లు. కాబట్టి ఒక్క క్యాసెట్టుతో దొరికిన ఆ రెండు విలువలూ 212 పేజీలకూ పనికొస్తాయి. ఆ రాత్రి నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయనే ఏదో ఒక పేజీ తీసి అంకె చెబుతుంటే, అప్పటికే ఎక్కించిన ఫైళ్ళలో ఆ చోటుకు వెళ్ళి చూపించాను. నాలుగు పేజీలు చూశాక ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఊరికే రాయలేదు అమ్మా నేను," అన్నారు.

3960కి లెక్క 2 గంటల 28 సెకన్లు చెప్పింది. పాట ఘట్టం 2 గంటల 16 సెకన్ల దగ్గరే మొదలైంది. పన్నెండు సెకన్లు తప్పింది. అప్పటినుంచి ఈ పనిముట్టు ఏ చోటు చెప్పినా దానికి ముందొక నిమిషం, వెనకొక నిమిషం కలిపి ఇచ్చేలా మార్చాను.

సర్వరు మొదట ఇలా ఉండేది కాదు. మొదటి నెలలో ఒకే ఒక్క పనిముట్టు పెట్టాను. ఏ ఆదేశం పంపితే అది ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కు అందించేది. ఏదైనా చేయగలదు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ఒకరోజు నేను రెండు గంటలు కూర్చుని సరిచేసిన ఫైలు మీదే కొత్త ఫైలును రాసేసింది. అదే పేరుతో సేవ్ చేయమన్నట్టు నా మాట దానికి అర్థమైంది, పాత ఫైలు ఉంటే చెరిపేయమనే గుర్తును కూడా తనే చేర్చింది. తప్పు నాది, దానికి అంత వీలు ఇచ్చింది నేనే. అసలు ఫైలు వేరే డిస్కులో ఉండబట్టి సరిపోయింది.

ఆ రోజే ఆ పనిముట్టును తీసేశాను. ఇప్పుడు తొమ్మిది చిన్న పనిముట్లున్నాయి. ముక్క కత్తిరించడం, ముక్కలు అతకడం, గీతలు తీయడం, అంచులు కోయడం, శబ్దం పెంచడం తగ్గించడం, అక్షరాల కార్డు చేయడం, ఇలాంటివి. ప్రతి దానికీ వివరణను మన వృత్తి మాటల్లో రాశాను. 'గట్టిమేళం ఉన్న చోట శబ్దం తగ్గించకు' అని శబ్దం పనిముట్టు వివరణలో ఉంటుంది. ఏఐ పనిముట్టును ఎంచుకునేముందు చదివేది ఆ వివరణనే. వివరణ ఎంత బాగుంటే పని అంత బాగుంటుంది. కానీ వివరణ రాసినంత మాత్రాన భద్రత రాదు. మాట మరిచిపోవచ్చు, పక్కన పెట్టవచ్చు. అందుకే అసలు ఫైళ్ళున్న డిస్కుకు చదవడానికి మాత్రమే అనుమతి ఉంది, రాయడానికి లేదు. కొత్త ఫైలు ఎప్పుడూ వేరే చోట, పేరు చివర వరుస అంకెతో పడుతుంది. పాతదాని మీద రాయడమనే దారే ప్రోగ్రాంలో లేదు.

ఇక పాట ముక్క. ఈ క్యాసెట్ల రకాన్ని వీహెచ్ఎస్ అంటారు. ఆ టేపులో సెకనుకు 25 బొమ్మలు, కానీ ఒక్కో బొమ్మా రెండు సగాలుగా ఉంటుంది. సరి గీతలు ఒక సగం, బేసి గీతలు ఒక సగం, ఆ రెండూ వేర్వేరు క్షణాలవి. కంప్యూటర్‌లో అలాగే చూస్తే కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి. ఏఐ తేలిక దారి పట్టి ఒక సగాన్ని వదిలేసింది. గీతలు పోయాయి, కదలికలో సగం కూడా పోయింది. తలంబ్రాల ముక్కలో చూస్తే తేడా బాగా తెలుస్తుంది. దోసిలి నుంచి జారే బియ్యం ధారగా పడాలి, ఆ పద్ధతిలో గెంతుతూ పడింది. రెండు సగాలనూ రెండు పూర్తి బొమ్మలుగా చేసి సెకనుకు 50 బొమ్మలు ఇచ్చే పద్ధతి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఉంది. ఇప్పుడు నా పనిముట్టుకు అదొక్కటే తెలుసు.

వెడల్పు సంగతి కూడా అంతే. పాత వీడియో నాలుగుకు మూడు, ఇప్పటి తెర పదహారుకు తొమ్మిది. తెర నింపడానికి సాగదీస్తే పెళ్ళికూతురు ముఖం గుండ్రమైపోతుంది, పైనా కిందా కోస్తే పాపిటబిళ్ళ పోతుంది. రెండూ చేయనివ్వను. పక్కన ఖాళీ ఉంటే ఉండనీ.

శబ్దం దగ్గర నేను చాలా సేపు ఆగాను. ఆమె పాట వెనక ఫ్యాను చప్పుడు, టేపు బుస, పిల్లల గోల. గోల తగ్గించమన్నాను. తగ్గింది. మొదటిసారి మామూలు స్పీకర్లలో విని బాగుందనుకున్నాను. హెడ్‌ఫోను పెట్టుకుని రెండోసారి వింటే ఏదో వెలితి. చరణానికీ చరణానికీ మధ్య ఆమె నోరు తెరవకుండా ఒక సన్నటి రాగం తీస్తుంది, ఆ రాగం లేదు. సన్నగా, ఎడతెగకుండా వినిపించేదాన్ని గోలకింద లెక్కపెట్టి తీసేసింది. అసలుది, సరిచేసింది పక్కపక్కన పెట్టి వింటే గానీ తెలియలేదు. గోల తగ్గించే మోతాదును బాగా దించాను. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. వినిపించనీ.

శబ్దమంతా ఒకే స్థాయికి తెచ్చే పద్ధతి ఇంకొకటుంది. టీవీ ప్రసారాలకు ఐరోపా వాళ్ళు పెట్టుకున్న ప్రమాణం ప్రకారం చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని దించుతుంది. ఏఐ దాన్ని వాడడానికి ఎప్పుడూ ముందుంటుంది. ఉపన్యాసాలకు మంచిదే. పెళ్ళిలో పురోహితుడి మంత్రం మెల్లగా సాగుతూ ఉండగా ఒక్కసారిగా గట్టిమేళం అందుకోవాలి, ఆ క్షణానికి గుండె ఝల్లుమనాలి. రెండిటినీ సమానం చేస్తే ముహూర్తం వచ్చిందో లేదో కూడా తెలియదు. ముక్క మొత్తాన్ని ఒకే కొలతతో పెంచడం, దించడం తప్ప ఇంకేమీ నా పనిముట్టు చేయదు.

తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఇందులో మనవాళ్ళందరూ దెబ్బతింటారు. పాట ముందు ఒక కార్డు కావాలన్నారు. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అని వేసి, కింద అమ్మగారి పేరు. ఏఐ చేసింది, పూర్తయిందని చెప్పింది. తెరిచి చూస్తే శ్‌రీరస్‌తు, శుభమస్‌తు అని ఉంది. వత్తులన్నీ విడిపోయాయి. కంప్యూటర్ లోపల 'శ్రీ' ఒక అక్షరం కాదు. శ, దాని మీద పొల్లు, తరువాత ర, ఆపైన దీర్ఘం, ఇలా విడివిడిగా ఉంటుంది. వాటిని కలిపి అక్షరంగా కూర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే వేరే ప్రోగ్రాం చేస్తుంది. బొమ్మల మీద అక్షరాలు రాయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పిల్లో అనే సరంజామా వాడతారు. దానికి ఈ కూర్పు తోడు లేకపోతే అక్షరాలను వరుసగా పేర్చేసి ఊరుకుంటుంది. ఇంగ్లీషుకు అది చాలు, తెలుగుకు చాలదు. కూర్పు ప్రోగ్రాం చేర్చాక సరిపోయింది. ఇప్పుడు సర్వరు మొదలవగానే అది ఉందో లేదో చూస్తుంది, లేకపోతే కార్డు చేసే పనిముట్టును జాబితాలోనే చూపించదు.

విడిపోయిన ఆ కార్డును ఏఐకి చూపించి సరిగా ఉందా అని అడిగాను. ఉంది అంది. ఏ మాట రాయాలో దానికి ముందే తెలుసు కాబట్టి అదే చదువుకుందేమో. అందుకే కార్డు పూర్తి కాగానే నా తెరమీద దానంతట అదే తెరుచుకునేలా పెట్టాను. నేను చూడకుండా ఏ కార్డూ బయటకు వెళ్ళదు.

కార్డు బొమ్మను ఏఐకి పంపాను గానీ పెళ్ళి వీడియోలోంచి ఒక్క బొమ్మను కూడా పంపను. ఇది చాలామంది గమనించరు. వీడియో నా కంప్యూటర్‌లోనే ఉన్నా, అందులోంచి బొమ్మలు తీసి జవాబుగా పంపే పనిముట్టు ఉంటే ఆ బొమ్మలు నా గది దాటి ఎవరో సంస్థ కంప్యూటర్లకు వెళతాయి. అవి వేరే ఇంటి ఆడపిల్లల ముఖాలు. వాళ్ళు నన్ను నమ్మి క్యాసెట్టు ఇచ్చారు. అందుకని నా పనిముట్లన్నీ ఏఐకి ఇచ్చే జవాబులో ఫైలు పేరు, నిడివి, కొలతలు మాత్రమే ఉంటాయి. ఘట్టాల బొమ్మలు వరుసగా పేర్చి చూపించే పనిముట్టు కూడా ఉంది, అది నా తెరమీదే తెరుచుకుంటుంది. దీనివల్ల పని కొంత నెమ్మది. చూసేది నేను, చెప్పేది నేను, అది కళ్ళు మూసుకుని చేస్తుంది.

ముక్క దాదాపు సిద్ధమయ్యాక అన్నయ్యగారు మళ్ళీ వచ్చారు. చూసి సంతోషించారు గానీ ముఖం మసకగా ఉందన్నారు. నిజమే. వీహెచ్ఎస్‌లో అడ్డంగా పట్టే వివరం 240 గీతల పాటే, రంగు అందులోనూ చాలా తక్కువ. అందుకే కుంకుమ ఎరుపు బొట్టు దాటి పక్కకు కారినట్టు ఉంటుంది. ఆయన తన ఫోను తీసి చూపించారు. నేను ముందు పంపిన ముక్కలోంచి ఒక బొమ్మ తీసి, ముఖాలు స్పష్టం చేసే ఏదో యాప్‌లో వేయించారట. "ఇదిగో, ఇలా వచ్చింది. వీడియో అంతా ఇలా చేయలేవా?" అని అడిగారు.

ఆ ముఖం చాలా స్పష్టంగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. నాకు ఆమె తెలియదు కాబట్టి ఏమీ అనలేకపోయాను. ఆయన వెంట వాళ్ళ అక్కగారు వచ్చారు, ఆ వీడియోలో పెళ్ళికూతురు ఆమే. ఫోను తీసుకుని చాలా సేపు చూశారు.

"ఇది అమ్మ కాదురా," అన్నారు.

ఎడమ చెంప మీద స్ఫోటకపు మచ్చ ఉండాలి, లేదు. కుడి ముక్కుకు బేసరి ఉండాలి, అది చర్మంలో కలిసిపోయింది. పళ్ళు వరుసగా, తెల్లగా ఉన్నాయి, వాళ్ళ అమ్మగారికి ముందరి రెండు పళ్ళ మధ్య సందు ఉండేదట. మసకలో లేని వివరం ఎక్కడినుంచి వస్తుంది? ఎన్నో వేల ముఖాలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాం, ఇక్కడ ఇలాంటిది ఉండవచ్చు అని నింపుతుంది. నింపింది ఎవరి ముఖమూ కాదు. మసకలో ఉన్నది మాత్రం ఆమె ముఖమే. ఆ మసకలోనే ఆ మచ్చ చిన్న నీడగా ఉంది, అక్కగారు తెరమీద వేలు పెట్టి నాకు చూపించారు.

ముఖాలు స్పష్టం చేసే పనిముట్టు నా సర్వరులో అంతకుముందూ లేదు, కానీ ఎందుకు పెట్టలేదో నాకే సరిగా తెలియదు. ఆ రోజు తెలిసింది. ఎవరెంత అడిగినా పెట్టను. కత్తిరిస్తాను, గీతలు తీస్తాను, రంగు కాస్త సరిచేస్తాను. టేపులో లేనిదాన్ని చేర్చను. ఇద్దరు గిరాకీలు దీనివల్ల వేరే చోటికి వెళ్ళారు. వాళ్ళకు కోపం వచ్చిందని తెలుసు. నాకూ బాధగానే ఉంది, అయినా మాట మార్చుకోలేను. చనిపోయిన మనిషి ముఖాన్ని ఇంకోలా చేసి ఇంటివాళ్ళ చేతిలో పెడితే, పదేళ్ళకు వాళ్ళకు గుర్తుండేది ఆ కొత్త ముఖమే అవుతుంది. తరువాత పుట్టే పిల్లలకు ఆమెను చూసే వీలే లేదు, వాళ్ళకు ఆ ముఖమే అమ్మమ్మ, ఆ ముఖమే నాయనమ్మ.

అన్నయ్యగారు ఫోనులోని బొమ్మను అక్కడే తీసేశారు. నేను చెరపమనలేదు.

ముక్క నిడివి ఒక నిమిషం 52 సెకన్లు. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాను. మర్నాడు ఉదయం అక్కగారి దగ్గరనుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, పాటకు ముందు మా అమ్మ రెండుసార్లు దగ్గుతుంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నువ్వు చేసినదాంట్లో అది లేదు."

నిజమే. పాట మొదలైన చోటినుంచి కత్తిరించమని చెప్పింది నేనే. దగ్గు అనవసరం అనుకున్నాను.

"అది కూడా పెట్టు తల్లీ. దగ్గాకే పాడుతుంది ఎప్పుడూ," అన్నారు.

ఏఐకి చెప్పాను, తొమ్మిది సెకన్లు ముందునుంచి కత్తిరించమని. అర నిమిషంలో అయిపోయింది. హెడ్‌ఫోను పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా విన్నాను. దగ్గు ఉంది, రాగం ఉంది, ఫ్యాను ఉంది. కొత్త ఫైలు పేరు చివర 4 అని పడింది. మొదటి మూడూ వాటి చోట అలాగే ఉన్నాయి.